క్రేనమ్మ తగ్గాల్సిన ఆరు కిలోలు

రేవు క్వార్టర్లు,
సోమవారం, భోజనాల గంట

ఏమండీ,

నేను క్షేమం. మీరు, బేకరీ, పక్కింట్లో మీ అక్కయ్యగారు కులాసాగా ఉన్నారని తలుస్తాను.

ఫోను చేయకుండా ఈ ఉత్తరమేమిటని అనుకోకండి. మన ఫోను సంగతి తెలిసిందే. మూడు నిమిషాలు మాట్లాడితే రెండు నిమిషాలు "వినపడుతోందా" అనడానికే సరిపోతుంది. ఈ కబురు సరిగ్గా వినపడాలి.

మా రేవుకి కొత్త నర్సు వచ్చింది. చూడ్డానికి గుప్పెడంత మనిషి. క్రేన్లు నడిపేవాళ్ళందర్నీ వరసగా నిలబెట్టి తూచింది. నేను ఎనభై ఆరు. క్రేన్ కేబిన్‌లో కుర్చీకి, నడుముకి కట్టుకునే బెల్టుకి ఎనభై దాటకూడదని కొత్తగా నిబంధన పెట్టారట. "నాలుగేళ్ళుగా ఆ కుర్చీ నన్ను మోస్తూనే ఉంది కదమ్మా" అన్నాను. "దానికి నోరు లేదు" అంది.

నాలుగు నెలలు గడువు. ప్రతి నెలా మొదటి సోమవారం తూస్తారు. ఎప్పుడు ఎనభైకి దిగితే అప్పుడే పాసు కాగితం ఇస్తారు. గడువులోగా బరువు దిగకపోతే నన్నే దించి కింద పెడతారట.

పైన కూర్చోవడం నాకెంత ఇష్టమో మీకు తెలుసు. నూట అరవై ఎనిమిది మెట్లెక్కి, కాళ్ళ కింద అద్దంలోంచి ఓడని చూస్తూ, నలభై అడుగుల కంటైనర్‌ని చప్పుడు కాకుండా దింపితే ఆ రోజంతా నాకు ఇంకేమీ అక్కర్లేదు. కాబట్టి తగ్గుతాను. ఎందుకింత పట్టుదల అని మాత్రం ఇప్పుడు అడగకండి.

మీరు చేయవలసిన సాయం ఒక్కటే. నెలనెలా పంపే బిస్కెట్ల డబ్బా ఆపేయండి.

మీ
క్రేనమ్మ

తా.క.: తూకానికి ముందు బూట్లు విప్పాను, హెల్మెట్ తీశాను, జేబులో తాళాలు, తలలో పిన్నులు కూడా తీసి బల్ల మీద పెట్టాను. ఇంకా ఏమైనా తీయమంటారా అని అడిగితే, "ఇక మిగిలింది మీరే" అంది.

---

బేకరీ,
శుక్రవారం

ఆకాశంలో ఉద్యోగం చేస్తున్న నా ఇల్లాలికి,

నీ ఉత్తరం అందింది. మొదటిసారి చదివినప్పుడు మనసు కష్టపెట్టుకున్నాను. రెండోసారి చదివినప్పుడు "దించి కింద పెడతారట" అన్నచోట ఆగిపోయాను. పెట్టనీ. నువ్వు కిందికి దిగితే వచ్చే నష్టమేమిటో నాకు బొత్తిగా అర్థం కాలేదు. నేనుండేది కిందే కదా.

ఇక్కడి విశేషాలంటావా, భోజనాల బల్ల దగ్గర నీ కుర్చీలో ఇప్పుడు పిండి బస్తా కూర్చుంటోంది. కొట్టులో చోటు చాలక పెట్టాను. మొన్న అన్యమనస్కంగా దాన్ని ఉప్పు అందించమన్నాను. అక్క కిటికీలోంచి వింది. "తమ్ముడూ, అది మైదా రా" అని మెల్లగా చెప్పి వెళ్ళిపోయింది. ఆ రోజు నుంచి నాకు పూట పూటా సూప్ పంపిస్తోంది. నాకేదో అయిందనుకుంటోంది.

బిస్కెట్లు ఆపేయమన్నావు. నా చేతులు మాట వినవు. నెల మొదట్లో వాటంతట అవే నీ డబ్బా తీస్తాయి. అందుకని నీకోసం వేరే రకం చేశాను. వెన్న లేదు, చక్కెర పేరుకి ఉంది. కాగితంలా పల్చగా ఒత్తాను. సాయంత్రం నాలుగు తిన్నా తిన్నట్టే ఉండదు. ధైర్యంగా తిను.

నీ
రొట్టెలాయన

తా.క.: ఎనభై ఆరులో ఏ ఆరు తీసేస్తారో ముందుగా నాకు చెప్పమను. అందులో నాకు ఇష్టమైనవి కొన్ని ఉన్నాయి.

---

రేవు క్వార్టర్లు,
బుధవారం

ఏమండీ,

మీరు కంగారుపడతారని ముందే చెబుతున్నాను. ఇప్పుడు బాగానే ఉన్నాను.

ఆరు కిలోలే కదా, ఆరు రోజుల్లో వదిలించుకుందామని పొద్దున ఒక గుడ్డు, మధ్యాహ్నం ఒక కీరదోసకాయ, సాయంత్రం మంచినీళ్ళతో సరిపెట్టాను. అయిదో రోజు మెట్లన్నీ ఎక్కి, కంటైనర్ పైకెత్తాను. సగం దారిలో కళ్ళు తిరిగాయి. వెంటనే మీటల మీద నుంచి చేతులు తీసేశాను. కంటైనర్ ఓడకీ గట్టుకీ మధ్య పావుగంట అలాగే వేలాడింది. కింద నుంచి సూపర్‌వైజర్ రేడియోలో "ఏమైంది, ఏమైంది" అంటున్నాడు. "ఆలోచిస్తున్నాను" అన్నాను.

కిందికి దిగాక నర్సు నన్ను బల్ల మీద పడుకోబెట్టి చక్కెర నీళ్ళు తాగించింది. తర్వాత తిట్టింది.

"తిండి మానేయమని నేను చెప్పానా?"

"తగ్గమన్నారు కదా."

"తగ్గమన్నాను. పడిపొమ్మనలేదు."

అప్పుడు ఒక నోటుబుక్కు తీసి, ప్రతి పేజీకీ మధ్యలో గీత గీసింది. ఎడమపక్క "లోపలికి", కుడిపక్క "బయటికి". తిన్నది ఎడమపక్క, ఒళ్ళు వంచింది కుడిపక్క, అన్నీ కేలరీల్లో రాయాలి. రోజుకి పదిహేను వందలు తినాలి, అంతకు తగ్గకూడదు. గంట సేపు గబగబా నడవాలి. బయటికి పోయేది లోపలికి వచ్చేదానికంటే రోజుకి ఓ అయిదు వందలు ఎక్కువైతే చాలట, వారానికి అరకిలో చొప్పున దానంతటదే దిగుతుందట. "తొందరపడితే కొవ్వు ఉండిపోతుంది, కండ పోతుంది. కండ లేనిదే మెట్లు ఎక్కలేవు" అంది.

మీ బిస్కెట్ ఒక్కోటి నలభై అని రాసుకున్నాను, వెన్న లేదన్నారు కాబట్టి. రోజుకి నాలుగు. క్వార్టర్ మెట్ల మీద కూర్చుని తింటాను. మొదటిది కొరికితే మన వంటిల్లు వాసన వస్తుంది. చివరిది ఎంత నెమ్మదిగా తింటానంటే, పక్క క్వార్టర్ ఆవిడ పంటినొప్పా అని అడిగింది.

నడకకి తోడు కూడా దొరికాడు. అందరూ ఎర్రోడంటారు. షిఫ్టు దిగేసరికి గేటు దగ్గర నాకోసం కాచుకుని ఉంటాడు. మంచి చురుకు. నేను ఆయాసపడితే ఆగి వెనక్కి తిరిగి చూస్తాడు. నోరెత్తడు. అలాంటి తోడుంటే గంట ఎలా గడిచిందో తెలియదు.

మీ
క్రేనమ్మ

తా.క.: మీ ప్రశ్న నర్సుని అడిగాను. "ఏ ఆరు పోవాలో ఎంచుకోవడం ఎవరి చేతుల్లోనూ లేదు. ఆయన్ని గుండె దిటవు చేసుకోమను" అంది.

---

బేకరీ,
ఆదివారం

గౌరవనీయులైన శ్రీమతి గారి సముఖమునకు,

తమరి ఉత్తరం చేరినది. తమకు నడకలో తోడు లభించినందుకు సంతోషం.

నోరెత్తడని వ్రాశారు. నాకు మాటలెక్కువని తమరు పెళ్ళైన వారానికే సెలవిచ్చారు. చురుకు అని వ్రాశారు. నా మోకాళ్ళ సంగతి తమరికి తెలియనిది కాదు. ఆయాసపడితే ఆగి వెనక్కి తిరిగి చూస్తాడని వ్రాశారు. బజారుకి వెళ్ళిన ప్రతిసారీ నేను ముందు నడిచిపోతానని, ఇరవై రెండేళ్ళలో ఒక్కసారైనా వెనక్కి చూడలేదని తమరు అనడం కూడా నాకు జ్ఞాపకం ఉన్నది.

ఉత్తరం అక్కకి చదివి వినిపించాను. అంతా విని, "బాగా ఎర్రగా ఉంటాడా" అని అడిగింది. ఈలోగా బట్టీలో రెండు ట్రేల బన్నులు బొగ్గయ్యాయి. ఇన్నేళ్ళలో నా చేతుల్లో బన్ను మాడడం ఇదే మొదలు.

తమరికి కళ్ళు తిరిగిన సంగతి మూడుసార్లు చదివాను. దాని గురించే ఉత్తరమంతా వ్రాద్దామని కూర్చున్నాను. ఎర్రోడుగారు అడ్డం వచ్చారు.

ఇట్లు
తమ విధేయుడు,
రొట్టెల తయారీదారు

తా.క.: వారి బరువెంత? ఊరికే అడుగుతున్నాను.

ఇంకో తా.క.: అద్దం ముందు నిలబడి కిందికి చూశాను. నా కాళ్ళు నాకు కనబడలేదు. రేపట్నుంచి నేనూ నడుస్తాను. నాకు తోడెవరూ లేరు.

---

రేవు క్వార్టర్లు,
శనివారం

ఏమండీ,

ఎర్రోడు కుక్క.

ఇక్కడితో ఉత్తరం ముగించవచ్చు. కాని అడిగారు కాబట్టి చెబుతున్నాను, బరువు పద్దెనిమిది కిలోలు. వెనక కాలు ఒకటి కొంచెం కుంటు. మీ ఉత్తరం పైన కేబిన్‌లో చదివాను. నా నవ్వుకి క్రేన్ ఊగితే, గాలి లేచిందనుకుని కింద వాళ్ళు తాళ్ళు బిగించారు. "తమరు" అని మీ నోట వినడం పెళ్ళిచూపుల తర్వాత మళ్ళీ ఇప్పుడే. అప్పుడు కూడా మీ మొహం అలాగే మాడి ఉంది.

నవ్వడం అయింది. ఇక అసలు సంగతి.

మొదటి నెల తూకంలో ఎనభై నాలుగు. బాగానే ఉంది. రెండో నెలకి ఎనభై రెండు ఉండాలి, ఎనభై మూడు ఉంది. నోటుబుక్కులో ఒక్క మెతుకు కూడా వదలకుండా రాశాను. నర్సు వేలితో ఒక్కో వరసా చూసుకుంటూ వెళ్ళి, "లెక్క కుదురుతోంది, మనిషి కుదరడం లేదు" అంది.

కసికొద్దీ నడక గంటన్నరకి పెంచాను. దాంతో ఆకలి కూడా పెరిగింది. నడిచి వచ్చి క్యాంటీన్‌లో రెండు బన్నులు తిన్నాను. నడిచిన నడకంతా ఆ బన్నుల కిందికే పోయింది. "బయటికి పెంచుకుంటూ పోతే, లోపలికి తెమ్మని కడుపు కేక పెడుతుంది. రెండూ కలిపి చూసుకోవాలి, ఒకదాని మీదే పడితే కుదరదు" అని నర్సు మళ్ళీ గంటకి దించింది. ఆవిడ మంచిదే. కాని ఆ రోజు ఆ గది నుంచి బయటికి వచ్చి ఏడ్చాను.

ఓడలు లేని మధ్యాహ్నాలు పైన ఖాళీగా కూర్చోవాలి. ఆ వేళప్పుడు మీరు బట్టీ చల్లార్చి, చేతులు కడుక్కుని, చొక్కాకి తుడుచుకుంటూ ఉంటారు. తువ్వాలు పక్కనే ఉన్నా చొక్కాకే తుడుచుకుంటారు. ఆ చొక్కాలు ఉతికేటప్పుడు విసుక్కునేదాన్ని. ఇప్పుడు ఉతకడానికి ఆ పిండి మరక ఒక్కటీ దొరకడం లేదు.

మీ
క్రేనమ్మ

తా.క.: ఎర్రోడు బాగా ఎర్రగానే ఉంటాడని వదినతో చెప్పండి.

---

బేకరీ,
మంగళవారం

నా బంగారానికి,

కుక్క అని చదవగానే బేకరీకి వచ్చినవాళ్ళందరికీ తలో బన్ను ఎక్కువ వేసి ఇచ్చాను. ఎందుకని ఎవరూ అడగలేదు. అక్క మాత్రం "నేను అప్పుడే అనుకున్నాను" అంది. ఏమనుకుందో చెప్పదు.

నేను కూడా నోటుబుక్కు పెట్టాను. నిన్నటి పేజీ నకలు రాస్తున్నాను. లోపలికి: రొట్టె అంచులు ఆరు, అక్క పంపిన సూప్ రెండు గిన్నెలు, ఉప్పు చూడ్డానికి పిండి ముద్ద ఒకటి, సరిగ్గా తెలియక ఇంకొకటి. బయటికి: పిండి పిసకడం రెండు గంటలు, నడక నలభై నిమిషాలు, నీ ఉత్తరం చదవడం ఆరుసార్లు, నీ మీద బెంగ పొద్దున్నుంచి సాయంత్రం దాకా. ఈ చివరిదానికి ఎన్ని కేలరీలో నర్సుని అడిగి రాయి. తక్కువ ఉండవని నా అంచనా.

మధ్యాహ్నం కొట్టు మూశాక స్టేషన్ దాకా నడుస్తాను. రేవు వైపు నుంచి వచ్చే బండి అప్పుడే ఆగుతుంది. దిగేవాళ్ళని చూస్తాను. ఎవరో ఒకావిడ నీలాగే సంచి ఎడమ భుజానికి వేసుకుని దిగుతుంది. దగ్గరికి వచ్చేదాకా ఆమె నువ్వే. ఆ కాసేపూ బాగుంటుంది. తర్వాత వెనక్కి నడుస్తాను. వెళ్ళేటప్పటికంటే వచ్చేటప్పుడు ఎక్కువ సేపు పడుతోంది.

తూకం గురించి బాధపడకు. ఒకటి తగ్గినా తగ్గినట్టే. తగ్గకపోయినా కొంపలేం మునగవు. కింద పెడితే పెట్టనీ.

ఈసారి డబ్బా పెద్దది పంపుతున్నాను.

నీ
రొట్టెలాయన

తా.క.: ఎర్రోడికి రోజూ రెండు పెట్టు. వారిని అపార్థం చేసుకున్నందుకు నా క్షమాపణలు చెప్పు.

---

రేవు క్వార్టర్లు,
సోమవారం

ఏమండీ,

ఇవాళ మూడో తూకం. ఎనభై ఒకటిన్నర. పాసు కాలేదు.

ముందు మీ ప్రశ్నకి జవాబు. బెంగకి కేలరీలు ఖర్చు కావట. "పైగా బెంగ పెట్టుకున్నవాళ్ళు తెలియకుండా ఎక్కువ తింటారు. ఆయన ఆ రొట్టె అంచులు ఎప్పుడు తింటున్నారో చూసుకోమను" అంది నర్సు.

ఇప్పుడు నా ప్రశ్న. మూడు వారాలుగా ఎర్రోడు మీ బిస్కెట్లు తింటున్నాడు. గేటు దగ్గర కాచుకుని ఉండేవాడు ఇప్పుడు గేటు దగ్గర పడుకుని ఉంటున్నాడు. ఇవాళ తూకానికి నా వెనకే వస్తే, నర్సు వాణ్ణి కూడా యంత్రం మీద నిలబెట్టింది. ఇరవై. నాతోపాటు అన్ని అడుగులూ నడిచాడు. వాడికి కొత్తగా దొరుకుతున్నది మీ బిస్కెట్ ఒక్కటే.

నర్సు నా డబ్బాలోంచి ఒక బిస్కెట్ తీసి తెల్లకాగితం మీద పెట్టింది. పావుగంట తర్వాత తీసి, కాగితం ఎత్తి కిటికీ వెలుతురికి పట్టింది. బిస్కెట్ ఉన్నంత మేరా కాగితం అద్దమైపోయింది. అందులోంచి ఆవిడ ముఖం నాకు స్పష్టంగా కనిపించింది. ఆవిడ నవ్వడం లేదు.

"నలభై కాదు, నూట పది" అంది.

వెన్న వేశారా లేదా? ఒక్క ముక్కలో రాయండి.

క్రేనమ్మ

తా.క.: ఈసారి ఏమీ లేదు.

---

బేకరీ,
గురువారం

నా ఇల్లాలికి,

వేశాను.

ఒక్క ముక్కలో రాయమన్నావు, రాశాను. ఇక నీకు ఓపికుంటే మిగతాది చదువు.

మొదటిసారి నిజంగానే వెన్న లేకుండా పిండి కలిపాను. ఒక ట్రే కాల్చి రుచి చూశాను. అట్టముక్కలా ఉంది. అది నువ్వు అక్కడ ఒక్కదానివీ కూర్చుని నమలడం కళ్ళకి కట్టింది. కొంచెం వెన్న వేశాను. వేస్తుంటే ఇంకో ఆలోచన వచ్చింది. నువ్వు తగ్గకపోతే నిన్ను దించేస్తారు, దించేస్తే ఇంటికి వచ్చేస్తావు. ఆ తర్వాత చెయ్యి ఆగలేదు.

ఇది తప్పని నాకు తెలుసు. నువ్వు పైన కూర్చోవడం నీకెంత ఇష్టమో కూడా తెలుసు. నువ్వు నడుస్తున్నావు, నేను వెన్న వేస్తున్నాను. నువ్వు ఏడ్చానని రాసిన రోజు మానేద్దామనుకున్నాను. ఆ రోజు స్టేషన్‌కి వెళ్ళి వచ్చి, పెద్ద డబ్బా తీశాను.

ఒంటరిగా ఉండడం నాకు చేతకావడం లేదు. అంతకుమించి చెప్పుకోవడానికి నా దగ్గర ఏమీ లేదు. రోజూ రెండు కప్పులు తీసి, ఒకటి మళ్ళీ లోపల పెడతాను. ఒకటే తీయడం ఈ నాలుగేళ్ళలో అలవాటు కాలేదు. అక్కతో చెబితే నవ్వుతుంది. నీతో చెబితే నువ్వు పని మానుకుని వస్తావేమోనని భయం. వస్తే బాగుండునని ఆశ. రెండూ నావే.

నీ
రొట్టెలాయన

తా.క.: ఎర్రోడికి కూడా చెప్పు. వాడి దగ్గర ఇది రెండో క్షమాపణ.

---

రేవు క్వార్టర్లు,
సోమవారం

రొట్టెలాయనకి,

ఈ ఉత్తరంలో నిన్ను నువ్వు అనే అంటాను. ఇవాళ నా నోటికి మీరు రావడం లేదు.

కింద పెడతారంటే ఇంటికి పంపుతారని నీకెవరు చెప్పారు? కింద అంటే రేవులో కింద. తూకం షెడ్డు. తలుపు లేదు, కిటికీ లేదు, లారీ వస్తే చీటీ రాయడం, లారీ పోతే దుమ్ము తినడం. నా ఒప్పందం ఇంకా రెండేళ్ళుంది. నువ్వు నన్ను ఇంటికి తెచ్చుకోవడం లేదు. ఆ షెడ్డులోకి తోస్తున్నావు. అడిగి ఉంటే మొదటి ఉత్తరంలోనే చెప్పేదాన్ని.

ఇంకొక్క తూకం మిగిలింది. అప్పటిదాకా డబ్బా పంపకు, ఉత్తరం రాయకు.

క్రేనమ్మ

తా.క.: సూప్‌లో అక్కయ్యగారు క్రీము పోస్తారు. రెండు గిన్నెలకి ఎన్నో నువ్వే రాసుకో.

---

బేకరీ,
ఆదివారం

నా ఇల్లాలికి,

ఉత్తరం రాయవద్దన్నావు. ఇది ఉత్తరం కాదు, చీటీ.

కవరులో ఇంకేమీ లేదు. కాగితం మీద పావుగంట పెట్టి, వెలుతురికి పట్టి చూసుకోవచ్చు.

నువ్వు నెగ్గాలని రోజూ అనుకుంటున్నాను. నెగ్గితే రెండేళ్ళు అక్కడే ఉంటావని తెలిసే అనుకుంటున్నాను. మొదట్లో పళ్ళు బిగించుకుని అనుకోవలసి వచ్చేది. ఇప్పుడు మామూలుగానే వస్తోంది.

నా కాళ్ళు నాకు కనబడుతున్నాయి.

రొ.

---

రేవు క్వార్టర్లు,
సోమవారం, సాయంత్రం

ఏమయ్యా,

డెబ్భై తొమ్మిది కిలోల ఆరు వందల గ్రాములు. పాసు కాగితం నా ముందు ఉంది. ముద్ర ఇంకా ఆరలేదు.

నర్సు యంత్రం ముల్లుని రెండుసార్లు చూసి, నోటుబుక్కు మూసి, "ఈ నెల మనిషీ లెక్కా ఒక్కటయ్యాయి" అంది. ఆకలితో మాడలేదు. రోజూ మూడు పూటలా తిన్నాను, రోజూ గంట నడిచాను. ఇంత మామూలుగా జరిగిపోయే పనికి నాలుగు నెలలు ఇంత రభస చేశామా అనిపించింది.

ఒకసారి నువ్వు అన్నాక మళ్ళీ మీరు అనడానికి నాకు బుద్ధి పుట్టడం లేదు. నీకు అభ్యంతరమైతే చెప్పు. చెప్పినా వినను.

ఇప్పుడు రెండు సంగతులు రాయాలి. రెండూ నీ దగ్గర దాచినవే.

ఒకటి. ఎందుకింత పట్టుదల అని అడగొద్దన్నాను గుర్తుందా? మన ఊరి గూడ్స్ యార్డులో మా కంపెనీ కొత్త క్రేన్ నిలబెడుతోంది. ఒకే ఒక్క ఉద్యోగం. రేవులో పనిచేసేవాళ్ళలో ముందు ఎవరు అడిగితే వాళ్ళకే. షరతు కూడా ఒకటే, పాసు కాగితం ఉండాలి. మిగిలిన రెండేళ్ళ ఒప్పందం అక్కడ పూర్తి చేసినా సరేనన్నారు. మొదటి తూకం రోజే అర్జీ పెట్టాను. నీకు చెబితే ఆ రోజు నుంచే స్టేషన్‌లో నిలబడతావని చెప్పలేదు. చెప్పకపోయినా నిలబడ్డావు.

మూడో నెలలోనే పాసై ఉంటే ఈపాటికి నేను ఇంటికి వచ్చి నాలుగు వారాలు దాటేది. నన్ను రప్పించడానికి నువ్వు వేసిన వెన్న, నన్ను నెల రోజులు ఇక్కడే కూర్చోబెట్టింది. ఆ కోపంతోనే నిన్ను ఉత్తరం కూడా రాయొద్దన్నాను.

రెండోది రాయడానికి కలం కదలడం లేదు. నువ్వు వెన్న వేశావని నాకు మొదటి బిస్కెట్ కొరికినప్పుడే తెలుసు. ఇరవై రెండేళ్ళుగా నీ చేతి బిస్కెట్ తింటున్నదాన్ని, తెలియకుండా ఎలా ఉంటుంది? తెలిసే తిన్నాను. తెలిసే నలభై అని రాసుకున్నాను. రోజుకి నాలుగు. నూట పది అని నిజం రాస్తే నర్సు మాన్పించేది. అప్పుడు సాయంత్రం ఆ మెట్ల మీద కూర్చోవడానికి నాకేం మిగిలేది? కాబట్టి నీ వెన్న ఒక్కటే కాదు, నా కలం కూడా మనల్ని నెల రోజులు ఆపింది. కాగితం మీద మరక చూపించినప్పుడు ఆవిడ ముందు ఆశ్చర్యపోయినట్టు నటించాను. ఇవాళ పాసు కాగితం చేతికొచ్చాక నిజం చెప్పేశాను. "నాకు తెలుసు" అంది. "మూడో నెల దాకా ఊరుకున్నారేం" అంటే, "నాలుగు బిస్కెట్లు మానేస్తే నువ్వు నడక మానేస్తావేమోనని అనుమానం వచ్చింది. పొరపాటు పడ్డాను" అంది. ముగ్గురం కలిసి చేసిన ఆలస్యం ఇది.

గురువారం మధ్యాహ్నం బండికి వస్తున్నాను. యార్డులో నా షిఫ్టు పొద్దున ఆరు నుంచి రెండింటి దాకా. నీ కొట్టు మూసే వేళకి నేనూ వచ్చేస్తాను. రెండింటి నుంచి చీకటి పడేదాకా ఇద్దరికీ ఏ పనీ ఉండదు. ఇదివరకు ఆ గంటల్లో మనం ఏం చేసేవాళ్ళమో ఎంత ఆలోచించినా ఒక్కటీ పెద్ద పని గుర్తుకు రావడం లేదు. ఊరికే ఒకే గదిలో ఉండేవాళ్ళం. నువ్వేదో చెబుతూ ఉండేవాడివి, నేను వినకుండా ఊఁ కొట్టేదాన్ని. అది కావాలి నాకు. ఈసారి వింటాను కూడా.

నీ
ఇల్లాలు

తా.క.: బండి దిగగానే నన్ను చూసి "చిక్కిపోయావే" అని మాత్రం అనకు. నాలుగు నెలలు నడిచాను, ఆ మాట ఒక్కటీ భరించలేను. బదులుగా ఏమనాలో గురువారం లోపు ఆలోచించి పెట్టుకో. ఏమీ తోచకపోతే పెట్టె అందుకుని నా పక్కనే నడు, ముందు నడిచిపోకుండా.